నీలి తొట్టిలో పడిందెవరు?

హాస్టల్,
ఆగస్టు 3

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. అత్తకి చదివి వినిపించకు. ఫోన్లో చెబుదామంటే ఆ ఫోను ఎప్పుడూ అత్త ఒళ్ళోనే ఉంటుంది, స్పీకరు పెట్టకుండా ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు. నేనిక్కడ తుమ్మితే వీధి చివర చెప్పులు కుట్టే ఆయన అక్కణ్ణుంచి "చిరంజీవ" అంటాడు.

ఇవాళ క్లాసులో నా పరువు పోయింది.

మా సైకాలజీ మేడమ్ కొత్త పాఠం మొదలుపెడుతూ, "మీకు గుర్తున్నవాటిలో అన్నిటికన్నా పాత సంగతి రాయండి" అన్నారు. అందరూ బడిలో మొదటి రోజనీ, కుక్క కరిచిందనీ, తమ్ముడు పుట్టాడనీ తలా నాలుగు ముక్కలు రాశారు. నేనేం రాశానో నీకు వేరే చెప్పాలా? పది నెలల వయసులో మన రంగు షెడ్డులో నేలలోకి దింపిన నీలి తొట్టిలో పడటం. ఒకటిన్నర పేజీ రాశాను. అత్త చేతుల్లో పిల్ల పైకి లేవడం, తొట్టిలోంచి తీసిన గుడ్డలాగే ఒళ్ళంతా ఆకుపచ్చగా ఉండటం, గాలి తగిలేకొద్దీ ఆ పచ్చదనం నీలంలోకి తిరగడం, చిన్న చిన్న పాదాల నుంచి చుక్కలు కారడం, అన్నీ రాశాను.

మేడమ్ దాన్ని పైకి చదివారు. నేను ఉబ్బిపోయాను. చదివాక, "చాలా బాగా రాశావమ్మా. కానీ ఇది నీకు గుర్తుండే వీల్లేదు. మూడేళ్ళ లోపు సంగతులు దాదాపు ఎవరికీ గుర్తుండవు" అన్నారు.

"నాకు గుర్తుంది మేడమ్."

"సరే. ఆ పిల్ల పైకి లేస్తుంటే నువ్వు ఎక్కణ్ణుంచి చూస్తున్నావు?"

కళ్ళు మూసుకుని వెతికాను. "కింద నుంచి మేడమ్. తొట్టిలోంచి పైకి."

"పైన ఉన్న పిల్ల ఎవరు?"

"నేనే."

"మరి తొట్టిలో ఉన్నదో?"

"నేనే మేడమ్."

వెనక బెంచీ నుంచి ఒకడు, "ఇద్దరికీ హాజరు వేసేయండి మేడమ్" అన్నాడు. గంట కొట్టేదాకా నవ్వులే.

నవ్వితే నవ్వారు. నా బాధ అది కాదు. మనిద్దరిలో ఒక్కరినే చదివించగలనని నాన్న తేల్చుకున్నప్పుడు ఏమన్నాడో నీకు తెలుసు. "చిన్నది తొట్టిలో పడి బెదిరింది, ఈ పనికి రాదు, బడికి పోనీ. పెద్దదానికి బెదురు లేదు, నా దగ్గరుంటుంది" అన్నాడు. మన వంశంలో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేనయ్యానంటే ఆ తొట్టి వల్లే కదా. అది నాకు గుర్తు లేకపోవడమంటే, నేనిక్కడ ఎందుకున్నానో నాకే తెలియకపోవడం.

నాన్ననీ అమ్మనీ అత్తనీ అడిగి ఆ రోజు ఏం జరిగిందో వివరంగా రాయి. మేడమ్‌కి చూపించాలి. బావని అడిగానని చెప్పు.

పరువు పోయిన
నీ చెల్లి


ఇల్లు,
ఆగస్టు 11

పొట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టమని నువ్వే నేర్పావు. నీ ఉత్తరం వచ్చాక ఎవరూ బాగా లేరు.

నువ్వొక్కదానివే చదువుకో అన్నావు. అలాగే చదువుకున్నా. కానీ పెదాలు కదిలిస్తే తప్ప నాకు చదవడం రాదని నేర్పినదానివి నీకు తెలియదూ? ఎదురుగా కూర్చుని అత్త నా పెదాలు చదివేసింది. అందులోనూ సగమే పట్టింది. "చిన్నదానికి ఏమీ గుర్తుండటం లేదంట! పుస్తకాలెక్కువై బుర్ర నిండిపోయి పాతవన్నీ పొర్లిపోతున్నాయంట!" అని గోడల మీంచి చెప్పింది. చెప్పులు కుట్టే ఆయన పెళ్ళాం భయపడి రెండ్రోజులు వాళ్ళ పిల్లని బడికే పంపలేదు. అత్త నీకు బాదంపప్పు పంపిస్తోంది. పొద్దున్నే నాలుగు తినమంది. తిన్న సంగతి మర్చిపోయి మళ్ళీ తినొద్దంది.

ఇక అసలు సంగతి. రాయాలా వద్దా అని చాలా ఊగిసలాడా. నువ్వడిగావు కాబట్టి రాస్తున్నా. ఆ తొట్టిలో పడింది నువ్వు కాదే. నేను.

ఇంట్లో అందరూ నువ్వనే అంటారు. చిన్నప్పుడు ఒకసారి "నేను కదా పడింది" అంటే, "కల గన్నావులేవే" అని అత్త మొట్టికాయ వేసింది. మళ్ళీ ఎత్తలేదు. పెద్దవాళ్ళు చెబుతుంటే మనకేం తెలుసు? కానీ నా ఒంటికి తెలుసు. సున్నమూ కుళ్ళిన ఆకూ కలిసిన రుచి నోట్లో. ముక్కులో మంట. కాళ్ళ కింద మడ్డి జారిపోవడం. చేతులు రెండూ పైకెత్తి ఏదో బరువు పట్టుకున్నా, నానిన గుడ్డల మూట అయ్యుంటుంది, అది జారితే నాన్న చంపుతాడని ఒకటే భయం. తలెత్తితే గుండ్రంగా వెలుతురు.

అప్పుడు నాకు ఐదేళ్ళు. మీ మేడమ్ లెక్కలో ఐదేళ్ళ పిల్లకి గుర్తుంటుంది, పది నెలల పిల్లకి ఉండదు. గుర్తున్నదాన్ని నేను కాబట్టి పడినదాన్నీ నేనే. ఇందులో తప్పుంటే చదువుకున్నదానివి నువ్వే చెప్పు.

నీకెలా తెలిసిందంటావా? రాత్రుళ్ళు పడుకోకుండా "పచ్చపిల్ల నీలంపిల్ల అయిన కథ చెప్పవే" అని నా చెవి పీకేదానివి కాదూ! ఆ పిల్ల నేనే అనుకుని చెప్పిందే నువ్వు మూట కట్టుకున్నావు.

కోపం తెచ్చుకోకు. అడిగావని చెప్పా.

అక్క


హాస్టల్,
ఆగస్టు 18

అక్కా,

బాదంపప్పు అందింది. గదిలో నాతో ఉండే నర్సు తినేసింది. బాగానే పనిచేస్తున్నాయి, నేనెప్పుడో వాడుకున్న తన సబ్బు సంగతి కూడా ఆవిడకి గుర్తొచ్చింది.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. నేరుగా మేడమ్ దగ్గరికి పోయి, పసిపిల్లలు ఎందుకు మర్చిపోతారని అడిగాను. ఇంకా పూర్తిగా ఎవరికీ తెలియదన్నారు. తెలిసినంత చెప్పారు. అప్పుడు తలలో గుర్తులు దాచుకునే చోటు ఇంకా కడుతూనే ఉంటారట. గోడలు లేస్తుండగా సామాను సర్దితే ఏది ఎటు పోయిందో తెలియదు కదా. పైగా కొత్తవి ఎంత వేగంగా వచ్చి చేరతాయంటే పాతవాటికి దారి మూసుకుపోతుందట. ఇంకోటి, పసివాళ్ళకి మాటలుండవు. మన తాళ్ళ మీద గుడ్డ ఆరేసి క్లిప్పు పెట్టకపోతే గాలికి పోదూ? మాటలే ఆ క్లిప్పులు. ఎవరైనా మనకి ఒక కథ పదే పదే చెబితే, మనం దాన్ని చూసినట్టే అనిపిస్తుందట. అబద్ధం కాదు, నిజంగా అలా అనిపిస్తుందట.

అంటే నువ్వు చెప్పిందే నిజం. నాకున్నది నీ కథ.

మరి అలాగైతే, తొట్టిలో పడి బెదిరిన పిల్లవి నువ్వు. బడికి పోవలసిన పిల్లవి నువ్వు. నీ బడికి నేను వెళ్ళాను అక్కా. నీ పలక మీద నేను రాశాను. నాకు వచ్చిన మార్కులన్నీ చూస్తే దొంగసొత్తులా ఉన్నాయి. చదువు మానేస్తున్నానని ప్రిన్సిపాల్‌గారికి ఒక కాగితం రాసి పెట్టె అడుగున పెట్టాను. నేనొచ్చి తొట్టి దగ్గర నిలబడతాను. నువ్వేం చదవాలనుకుంటే అది చదువుకో. బావకి నేను నచ్చజెబుతాను.

అయితే కాగితం ఇచ్చే ముందు రూఢి చేసుకోవాలి. ఇంట్లో అందరినీ విడివిడిగా అడుగు. "ఎవరు పడ్డారు" అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకి అందరి దగ్గరా అరిగిపోయిన జవాబు ఒకటుంటుంది. ఆ తర్వాత ఏం చేశారు, ఏం ఉతికారు, ఏం విసుక్కున్నారు, ఇలా చిల్లరవి అడుగు. చిల్లర ప్రశ్నలకి ఎవరూ ముందుగా జవాబు తయారుచేసి పెట్టుకోరు.

నీ బడి ఎత్తుకుపోయిన
చెల్లి


ఇల్లు,
ఆగస్టు 29

ఒసేయ్ మహానుభావురాలా,

నీ చదువు నాకు దానం చేస్తావా? తిన్నాక మిగిలిన అన్నం గిన్నె తోసినట్టు నా వైపు తోస్తావా? పాతికేళ్ళదాన్ని, ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోను? నేను నిన్ను బడి అడిగానా? జరిగింది అడిగావు, చెప్పా. అంతే. నువ్వు నేర్పిన అక్షరాలతోనే నిన్ను తిడుతున్నా చూడు, అదొక్కటే నాకు సంతోషం.

అయినా అడిగా. ఎందుకంటే నాకూ తెలుసుకోవాలనుంది.

ముందు నాన్న. ఆయన్ని కదిపేలోపే అత్త ఇంకో కథ పుట్టించింది. కాలేజీవాళ్ళు నీకు సీటిచ్చిందే తొట్టిలో పడ్డందుకంట, ఇప్పుడు అసలు పడ్డావో లేదో మళ్ళీ విచారిస్తున్నారంట, పడలేదని తేలితే సీటు లాగేసుకుంటారంట! నాన్న అది నమ్మి కూర్చున్నాడు.

"ఆ రోజు తర్వాత ఏం చేశావు నాన్నా?" అన్నా.

"చిన్నదే పడింది. రాసుకో."

"అది కాదు నాన్నా, ఆ తర్వాత..."

"తర్వాత కూడా చిన్నదే పడింది. కావాలంటే ఆ మేడమ్‌ని ఇక్కడికి రమ్మను, తొట్టి చూపిస్తా. ఇంకా అక్కడే ఉంది."

మీ బావకీ ఈ భయం పట్టుకుంది. నీ సీటు కాపాడాలని సాక్ష్యానికి ఆయనే ముందుకొచ్చారు. "చిన్నమ్మాయే పడింది, నా కళ్ళారా చూశా" అన్నారు. "మీరెక్కడున్నారండీ అప్పుడు?" అన్నా. "గోడ పక్కన." "మనకి పెళ్ళై మూడేళ్ళు. మీది వేరే ఊరు." "వేరే ఊరైతే? చూడకూడదా?" అని అలిగి వెళ్ళి బయట కూర్చున్నారు.

అమ్మ ఆ రోజు సరుకు ఇవ్వడానికి బజారుకి పోయిందంట. "నేనొచ్చేసరికి మీరిద్దరూ స్నానాలు చేసి, దుప్పటి కప్పుకుని, పక్కపక్కన బుద్ధిగా పడుకునున్నారు. అప్పుడే అనుకున్నా ఏదో కొంప మునిగిందని. మీరిద్దరూ అంత బుద్ధిగా ఎన్నడున్నారు గనక?" అంది.

చివరికి అత్త. నువ్వు చెప్పినట్టే చిల్లరగా అడిగా. "ఆ రోజు నీకు చాకిరీ ఎక్కువైందేమో అత్తా" అన్నా. అంతే, గేటు తీసినట్టైంది. "చాకిరీ అని మెల్లిగా అంటావా! ఆ జుట్టులోకి దిగిన నీలం వారం కడిగితే గానీ పోలేదే. జడ విప్పితే నీలం, అల్లితే నీలం. దువ్వెన పళ్ళు రెండు విరిగాయి. అవతల ఉయ్యాల గుడ్డలు! కక్కితే నీలం, అడుగున తడిపితే నీలం. రెండ్రోజులు అవే ఉతికా. మీ అమ్మ చూడకుండా వెనక తాడు మీద ఆరేశా" అంది.

ఇదీ మన వాళ్ళ సాక్ష్యం. నాకైతే తలా తోకా దొరకలేదు. ఆ కాగితం ప్రిన్సిపాల్‌కి ఇచ్చావని తెలిస్తే మాత్రం బస్సెక్కి వచ్చి నీ జుట్టు పట్టుకుంటా.

అక్క


హాస్టల్,
సెప్టెంబరు 5

అక్కా అక్కా అక్కా,

అత్త ఏం చెప్పిందో నువ్వే రాశావు, నువ్వే చూసుకోలేదు!

వారం రోజులు కడిగిన జుట్టు ఎవరిది? హాల్లో గోడకి నా పది నెలల ఫోటో ఉంది కదా, వెళ్ళి చూడు. గిన్నె బోర్లించినట్టు నున్నటి గుండు. ఒక్క వెంట్రుక లేదు. జడ అల్లే జుట్టు అప్పటికి నీకే ఉంది. సరే, పడింది నువ్వే. మరి ఉయ్యాల గుడ్డలు ఎవరివి? ఐదేళ్ళదానివి నువ్వు ఉయ్యాల్లో పడుకుని కక్కావా?

ఇద్దరం పడ్డాం అక్కా.

నువ్వు పైకెత్తి పట్టుకున్న బరువు గుడ్డల మూట కాదు. అది నేను. నేను పాక్కుంటూ వెళ్ళి పడ్డాను. నువ్వు వెనకే దిగి నన్ను నీళ్ళ మీదికి ఎత్తి పట్టుకున్నావు. అత్త వచ్చి ముందు నన్ను తీసింది. పచ్చగా పైకి లేచి నీలంగా మారిన పిల్లని కింద నుంచి, తొట్టిలోంచి, నువ్వు చూశావు. చూసిందే రాత్రుళ్ళు నాకు చెప్పావు. మేడమ్ నన్నడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. పైనున్నది నేను, చూస్తున్నది నువ్వు. ఇన్నేళ్ళూ నేను నీ కళ్ళతో నన్ను చూసుకుంటున్నాను. ఇది మేడమ్‌కి చెబితే ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇద్దరికీ హాజరు వేయాల్సిందేనమ్మా" అన్నారు.

కానీ ఇంకో సంగతి తేలింది.

నాకు బెదురని కదా నాన్న నన్ను బడికి పంపాడు. గుర్తే లేనిదానికి బెదురెక్కణ్ణుంచి వస్తుంది? మనసు మర్చిపోయినా ఒంట్లో భయం మిగలొచ్చని మేడమ్ అన్నారు. అందుకని పరీక్ష చేశాను. బకెట్లో నీళ్ళు పోసి, చొక్కాలకి వేసే నీలిమందు ఒక మూత కలిపి, తల ముంచి, ఊపిరి బిగబట్టి ఆగాను. ఏ భయమూ లేదు. చల్లగా, హాయిగా ఉంది. ఈలోగా నర్సు తలుపు తోసుకుని వచ్చి, నేను స్పృహ తప్పి పడ్డాననుకుని, జుట్టు పట్టి లాగి వీపు మీద గుద్దుతూ వార్డెన్‌ని కేకేసింది. వార్డెన్‌కి సైన్సు గురించి ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇప్పుడు నా నుదురు లేత నీలం.

బెదరని దాన్ని బడికి పంపారు. మరి గుర్తున్న దానివి నువ్వు. నీకు బెదురు లేదని నాన్నకెవరు చెప్పారు?

నుదురు నీలమైన
చెల్లి


ఇల్లు,
సెప్టెంబరు 14

పొట్టీ,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా అత్త దగ్గరికి పోయా. గోడ మీది ఫోటో కూడా తీసి తీసుకెళ్ళా. "ఈ గుండుకి జడ ఎలా అల్లావత్తా?" అన్నా.

చాలాసేపు ఫోటో తుడిచింది. దుమ్మేం లేదు దాని మీద.

"కాస్త కునుకు పట్టిందే. ఎండ మండిపోతోంది, గుడ్డలు ఆరేసి నడుం వాల్చా. లేచేసరికి ఇద్దరూ లేరు" అంది.

"మరి చిన్నదే పడిందని ఎందుకు చెప్పావు?"

"మీ నాన్న అప్పట్లో నిప్పు తొక్కిన కోతిలా ఉండేవాడు. ఆలోచించు. ఒక పిల్ల పడితే అది పిల్ల తప్పు. ఇద్దరు పడితే నా తప్పు. అందుకని, నీ జుట్టు తడి గుడ్డల కింద దూరి నీలమైందని చెప్పి, ఒకర్ని తగ్గించా."

ఒకర్ని తగ్గించిందంట! సంచిలోంచి వంకాయ తీసేసినట్టు!

నాకు నవ్వాగలేదు. నేను నవ్వుతుంటే అత్తా నవ్వింది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. తర్వాత అత్త నవ్వడం ఆపేసింది గానీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "నువ్వు ముక్కుదాకా మునిగున్నావే. అయినా దాన్ని దించలేదు. నేను లాగితే నీ వేళ్ళు రాలేదు, ఒక్కొక్కటీ విప్పా" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా.

నువ్వు చివర్లో ఒక ప్రశ్న వేశావు. అది ఎవరూ అడగరనే ఇన్నాళ్ళూ ఉన్నా. చెబుతా విను. నాకు భయమే. మొదట్నుంచీ భయమే. పొద్దున్నే తొట్టి దగ్గర వంగేముందు ఒకసారి అంచు గట్టిగా పట్టుకుంటా. ఆ వాసన తగిలితే చేతులు వాటంతటవే బిగుసుకుంటాయి. అందరూ "పెద్దది గట్టిది" అంటుంటే గట్టిగా ఉన్నా. అన్నేసిసార్లు అంటే ఎవరైనా ఉంటారు. నీకు బెదురని చెప్పీ చెప్పీ నువ్వు షెడ్డు గడప దాటకుండా పెరిగావు చూడు, అలాగే.

ఇది నీతో తప్ప ఎవరితోనూ అనలేదు. మీ బావతో కూడా.

ఇక ఆ కాగితం. పెట్టె అడుగు నుంచి తీసి చింపెయ్. నువ్వు చదువు మానేసి వస్తే, ఐదేళ్ళప్పుడు నేను చేతులు దించకుండా నిలబడింది దేనికి?

నీ నుదురు సంగతి అత్తకి చెప్పలేదు. నిమ్మకాయ రుద్దు.

అక్క


హాస్టల్,
సెప్టెంబరు 20

అక్కా,

కాగితం చింపేశాను. ముక్కలు నర్సుకి ఇచ్చాను, నీకు సాక్ష్యం కావాలంటే ఆవిడ దగ్గరున్నాయి. ఆవిడ ఏదీ మర్చిపోదు.

నిమ్మకాయ పనిచేసింది. చెవుల వెనక మాత్రం ఇంకా మిగిలింది.

బడి తిరిగిచ్చేద్దాం అనుకున్నప్పుడు నేనెంత తెలివితక్కువదాన్నో ఇప్పుడు తెలుస్తోంది. నీకేం కావాలో అడక్కుండానే ఏమివ్వాలో తేల్చేశాను. నాన్న చేసిందే నేనూ చేశాను. అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. నీకేం కావాలి?

నాతో చెప్పినట్టే నాన్నతో చెప్పు. అత్త తిట్లు తింటుందని ఆలోచించకు. నాన్న బాధపడతాడని ఆలోచించకు. ఆయనకి తెలియనిదాన్ని ఆయన ఎలా సరిచేస్తాడు? నా సీటుకి ఏమీ కాదని కూడా చెప్పు. ఆయన నిన్న ఫోన్ చేసి, "వాళ్ళు ఎంత గుచ్చి అడిగినా పడ్డానన్న మాట మీద ఉండు" అన్నాడు. స్పీకర్లో అత్త "ఊఁ, ఉండు" అంది.

ఈ ఉత్తరం చదివేటప్పుడు అత్తకి వీపు చూపించి కూర్చో.

చెల్లి


ఇల్లు,
అక్టోబరు 2

పొట్టీ,

చెప్పేశా.

పోయిన వారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర. అమ్మ వడ్డిస్తోంది. మీ బావ, అత్త, అందరూ ఉన్నారు. ముందు ఇద్దరం పడ్డామని చెప్పా. నాన్న అత్త వైపు చూశాడు. అత్త మంచినీళ్ళు తెస్తానని లేచి వంటింట్లోకి పోయింది. చెంబు నిండా నీళ్ళు నా పక్కనే ఉన్నాయి.

"నాకు తొట్టంటే భయం నాన్నా" అన్నా.

నాన్న నవ్వాడు. "ఎనిమిదేళ్ళప్పట్నుంచీ అందులోనే ఉన్నావు కదే."

"ఎనిమిదేళ్ళప్పట్నుంచీ భయమే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. చిన్నదానికి బెదురని నువ్వే అన్నావు, నాకు లేదని నువ్వే అన్నావు. నేను పక్కనే నిలబడున్నా."

నాన్న చెయ్యి కడుక్కుని షెడ్డులోకి పోయాడు. సాయంత్రం దాకా తొట్టి దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. అనవసరంగా చెప్పానేమో అనుకున్నా, నిన్ను కూడా నాలుగు తిట్టుకున్నా. చీకటి పడకముందే బయటికొచ్చి, "నీకేం పని కావాలో చెప్పు" అన్నాడు.

ముందు గదిలో బల్ల కావాలన్నా. బేరగాళ్ళు వస్తే ఏ రంగు ఎంత ముదురు కావాలో మాట్లాడటం, నమూనా గుడ్డలు కట్టడం, సరుకు పంపడం. అది నాకు ఎప్పట్నుంచో ఇష్టం. మర్నాటి నుంచీ నేను అక్కడే. కాళ్ళు పొడిగా ఉన్నాయి. మొదటి రోజు ఒక ఆసామి గొంతు పెంచితే నేనూ పెంచా. రెండు మూటలు ఎక్కువ తీసుకుని వెళ్ళాడు. ఉత్తరాలొస్తే చదవాలి కాబట్టి పెదాలు కదపకుండా చదవడం ఎలాగో రాసి పంపు. అత్తకి ఇక అన్నీ తెలియనక్కర్లేదు.

తొట్టి దగ్గర నా బదులు మీ బావ నిలబడుతున్నారు. ఆయనే అడిగారు. "నాకు ఆ తొట్టి కొత్తేం కాదు, అప్పట్లోనే చూశా" అన్నారు. మోచేతుల దాకా నీలం. నిన్న ఆయన తీసిన మచ్చల మచ్చల సరుకుని నాన్న వెలుతురులోకి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మేఘం పట్టినట్టుంది, ఇలాంటిదే కావాలని ఎవరైనా అడిగితే చూద్దాం" అన్నాడు. ఎవరో అడిగారు కూడా.

ఇవాళ మధ్యాహ్నం ఇంకోటి జరిగింది. అది రాయాలనే ఈ ఉత్తరం.

అన్నం కలుపుకుంటూ నాన్న ఉన్నట్టుండి, "ఇంకా ఏవేం భయాలున్నాయి నీకు?" అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఊరికే. చెప్పు."

ఏదో మాటవరసకి అడిగాడులే అని, ఉరుములంటే భయం అన్నా. ఊఁ అన్నాడు. మెట్ల మీద కుక్క పడుకుంటే దాటాలంటే భయం అన్నా. ఊఁ అన్నాడు. పన్ను పీకే డాక్టరు. ఎవరూ లేని ఇంట్లో కుళాయి చప్పుడు. చెల్లి ఉత్తరం ఆలస్యమైతే. నాన్నా, నువ్వు నవ్వకుండా సరే అంటే. తెల్లారుజామున నువ్వు దగ్గుతావు చూడు, అది ఆగకపోతే ఒక భయం, ఆగిపోతే ఇంకో భయం. చెబుతుంటే నాకే ఆశ్చర్యం, ఇన్ని ఎక్కడ దాచానో. నాన్న కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. కూర మీద ఈగ వాలితే ఎడమ చేత్తో తోలి, మళ్ళీ ఊఁ అన్నాడు. అన్నం చల్లారిపోయింది. అమ్మ వేడిది వడ్డిస్తానంటే వద్దన్నాడు. నావి సగం కూడా కాలేదు.

అప్పుడు వంటింట్లోంచి అత్త గొంతు వచ్చింది. "నాకూ ఉన్నాయి భయాలు! నన్నెవరూ అడగరేం ఈ ఇంట్లో?"

నాన్న తల తిప్పకుండా, పక్కన పీట ఒకటి లాగి పెట్టాడు.

"వచ్చి కూర్చో అక్కా" అన్నాడు. "దీని తర్వాత నువ్వు."

నీ
అక్క